పుట్టిన రెండో రోజు కుడిచెయ్యి కొట్టుకున్న పాప: నవజాత స్ట్రోక్ కేసు, ఐదేళ్ల ఫాలోఅప్

గుర్తుపట్టే వీలు లేకుండా, ఒకే తరహా కేసుల వివరాలు కలిపి రాసిన కేసు ఇది. ఊరు, ఆసుపత్రి, తేదీలు తీసేశాం. డోసులు, నెలల క్రమం, ఎక్కడ ఎందుకు తడబడ్డామన్నదీ ఉంచాం. ఎస్ఎన్‌సీయూల్లో (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు), పిల్లల వార్డుల్లో, డీఈఐసీల్లో (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే జిల్లా కేంద్రాలు) పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది.

నేపథ్యం

తల్లికి 24 ఏళ్లు, తొలి కాన్పు, నెలలు నిండి 39వ వారం. బీపీ, షుగరు లేవు. ఉమ్మనీరు పోయి 26 గంటలైనా కాన్పు సాగకపోవడంతో సిజేరియన్ చేశారు. ఆడపిల్ల, 2.9 కిలోలు. పుట్టగానే ఏడ్చింది. అప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ స్థితికి పదికి వేసే మార్కు) మొదటి నిమిషంలో 8, ఐదో నిమిషంలో 9. గంటలోపే తల్లి పాలు పట్టింది. మాయను ఎప్పటిలాగే పారేశారు.

30 గంటలప్పుడు పాలు తాగుతున్న పాప ఒక్క క్షణం ఆగింది. కుడిచెయ్యి లయగా కొట్టుకోవడం మొదలైంది. చలికి వణుకుతోందనుకుని అమ్మమ్మ గుడ్డ కప్పింది. గంట తర్వాత మళ్లీ అదే చెయ్యి. అప్పుడు నర్సు ఆ చేతిని తన అరచేతిలో మెల్లగా పట్టుకుని చూసింది. వణుకైతే పట్టుకోగానే ఆగిపోతుంది. ఫిట్ అయితే పట్టుకున్నా లోపల కొట్టుకుంటూనే ఉంటుంది. ఇక్కడ ఆగలేదు. ఆరు గంటల్లో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ కుడిచెయ్యే, రెండుసార్లు నోటి కుడి కొస కూడా లాగింది. మధ్యలో మాత్రం పాప కళ్లు తెరిచి చూస్తోంది, గట్టిగా ఏడుస్తోంది, పాలు చీకుతోంది.

గ్లూకోజ్ 64, కాల్షియం మామూలే. ఫిట్స్ మందు ఫినోబార్బిటోన్ కిలోకు 20 మిల్లీగ్రాముల లెక్కన 58 మిల్లీగ్రాములు 20 నిమిషాల్లో ఎక్కించారు. మాడు మీద నుంచి తీసిన అల్ట్రాసౌండ్ నార్మల్ వచ్చింది. రెఫరల్ చీటీ మీద ‘బర్త్ ఆస్ఫిక్సియా (పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందకపోవడం), ఫిట్స్’ అని రాసి పెద్దాసుపత్రికి పంపారు.

ఆ మాట ఎందుకు కుదరదు

నవజాత శిశువుకు ఫిట్స్ వస్తే మన వార్డుల్లో మొదట చేతికొచ్చే మాట ఆస్ఫిక్సియా. చాలాసార్లు అది నిజమే కాబట్టి అలవాటైపోయింది. ఈ పాపకు మాత్రం నాలుగు విషయాలు దానికి అడ్డొచ్చాయి. పుట్టగానే ఏడ్చింది, అప్గార్ బాగుంది. ఆస్ఫిక్సియా ఫిట్స్ ఎక్కువగా మొదటి రోజునే, చాలామందిలో 12 గంటల్లోపే మొదలవుతాయి. ఇక్కడ 30 గంటలైంది. ఆస్ఫిక్సియాలో ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య బిడ్డ మత్తుగా, వదులుగా, పాలు తాగలేక ఉంటుంది. ఈ పాప చురుగ్గా ఉంది. అన్నిటికంటే గట్టి ఆధారం ప్రతిసారీ అదే చెయ్యి కొట్టుకోవడం. ఆక్సిజన్ అందకపోతే దెబ్బ మెదడు రెండు వైపులా తగులుతుంది. ఒకే వైపు, ఒకే అవయవం పట్టుకుని తిరిగే ఫిట్ అంటే ఎదుటి వైపు మెదడులో ఒకచోట ఏదో జరిగిందని అనుకోవాలి.

ఇన్‌ఫెక్షన్‌ను మాత్రం తోసిపుచ్చలేకపోయాం. ఉమ్మనీరు పోయి 24 గంటలు దాటింది. వెన్నులో నీరు తీసి, బ్లడ్ కల్చర్ పంపి, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాం. 48 గంటలకు కల్చర్‌లో ఏమీ పెరగలేదు, వెన్నునీరు శుభ్రంగా ఉంది. ఆపేశాం.

అల్ట్రాసౌండ్ నార్మల్ అన్న కాగితం ఒక రోజు తినేసింది. ‘స్కాన్ బాగుంది కదా, ఫిట్స్ తగ్గితే చూద్దాం’ అన్న మాట రౌండ్లో గెలిచింది. తల పై భాగపు పొరలు, పక్కల భాగాలు మాడు కిటికీలోంచి సరిగా కనపడవు. రక్తం అందక దెబ్బతిన్న చోటు మొదటి రెండు మూడు రోజుల్లో అల్ట్రాసౌండ్‌లో తేడా చూపకపోవచ్చు. రక్తస్రావం, నీరు చేరడం చూడ్డానికి అది మంచి పరికరం. ఇస్కీమిక్ స్ట్రోక్ (రక్తనాళం మూసుకుపోయి మెదడులో ఒకచోట దెబ్బ) లేదని చెప్పడానికి పనికిరాదు. సీటీ వెంటనే దొరికేది. అయితే నవజాత మెదడులో నీటి శాతం ఎక్కువ, తొలి రోజుల్లో ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక దెబ్బతిన్న భాగం) అందులో తేలిగ్గా కలిసిపోతుంది. పైగా రేడియేషన్. అందుకే వద్దనుకున్నాం.

ఎమ్మారైకి గడియారం ఉంది. డిఫ్యూజన్ అనే రకం ఎమ్మారై చిత్రంలో స్ట్రోక్ రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా బాగా మెరుస్తుంది. వారం దాటాక ఆ మెరుపు తగ్గి, అంతా బాగున్నట్టు మోసం చేస్తుంది. మిషన్ వేరే ఊళ్లో ఉంది. ఆ రాత్రి ఇంకో రెండు ఫిట్స్ రావడంతో ఫినోబార్బిటోన్ కిలోకు మరో 10 మిల్లీగ్రాములు ఇచ్చాం. తర్వాత కంటికి ఏమీ కనపడలేదు. ఫినోబార్బిటోన్ ఇచ్చాక చేతి కదలిక ఆగి, మెదడులో ఫిట్ సాగుతూనే ఉండటం నవజాత శిశువుల్లో మామూలే. అందుకే ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డు) పెట్టాకే ‘ఆగాయి’ అన్నాం. లెవెటిరాసిటామ్ మొదలుపెడదామన్న ప్రతిపాదన వచ్చింది. మత్తు తక్కువని అది చాలాచోట్ల ఇష్టమైన మందు. అయితే 2020లో వచ్చిన నియోలెవ్2 ట్రయల్‌లో 24 గంటలు ఫిట్స్ ఆగి ఉన్నది ఫినోబార్బిటోన్‌తో 80 శాతం మందికి, లెవెటిరాసిటామ్‌తో 28 శాతం మందికి. మొదటి మందు మార్చాల్సిన కారణం కనపడలేదు.

నాలుగో రోజు పొద్దున ఎమ్మారై. మత్తుమందు ఇవ్వలేదు. స్కాన్‌కు అరగంట ముందు కడుపునిండా పాలు పట్టించి, చెవుల్లో దూది, పైన ఇయర్ మఫ్ పెట్టి, వెచ్చటి గుడ్డలో బిగువుగా చుట్టాం. మొలతాడుకున్న వెండి బిళ్ల, దిష్టిగాజులు, పిన్నీసు ముందే తీయించాం. వీటిని మరిచిపోతే టేబుల్ మీద నుంచి దించాల్సి వస్తుంది, ఆలోపు పాప లేస్తుంది. డిఫ్యూజన్ సీక్వెన్స్ మొదట తీయమని టెక్నీషియన్‌కు ముందే చెప్పాం, మధ్యలో ఏడ్చినా కావాల్సింది చేతిలో ఉంటుంది.

ఎడమ మిడిల్ సెరిబ్రల్ ధమని పరిధిలో పెద్ద ఇన్‌ఫార్క్ట్. పైపొరతో పాటు బేసల్ గాంగ్లియా (మెదడు లోతున ఉండే కదలికల కేంద్రాలు), ఇంటర్నల్ క్యాప్సూల్ (కదలిక నరాలు కిందికి దిగే చోటు) వెనక భాగం, అక్కణ్నుంచి కిందికి మెదడు కాండంలో నరాల దారి కూడా తెల్లగా మెరిసింది. సిరల చిత్రం మామూలే. ఎడమ వైపే రావడం కొత్త కాదు, నవజాత ధమని స్ట్రోక్‌లు సగానికి పైగా ఎడమ వైపే వస్తాయి.

చేయకుండా వదిలేసినవి

‘స్ట్రోక్’ అన్న మాట ఫైల్లో పడగానే పెద్దల వైద్యం గుర్తొచ్చింది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇద్దామా, ఆస్పిరిన్ ఇద్దామా అని అడిగారు. ఇవ్వలేదు. నవజాత ధమని స్ట్రోక్ మళ్లీ రావడం చాలా అరుదు. గుండెలో గడ్డ ఉంటేనో, గుండె నిర్మాణంలో లోపం ఉంటేనో ఆలోచించాలి. గుండె స్కాన్ ఎకోలో ఈ వయసుకు సహజమైన చిన్న రంధ్రం తప్ప ఏమీ లేదు. రక్తం గడ్డకట్టే గుణం చూసే పెద్ద ప్యానెల్ కూడా పంపలేదు. నవజాత శిశువుల్లో ప్రొటీన్ సి లాంటివి సహజంగానే తక్కువుంటాయి, ఆ అంకె చూసి లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది. ఇలాంటి పిల్లల్లో గడ్డకట్టే గుణం ఎక్కువేమీ లేదని కెనడాలోని ఆల్బర్టా పరిశోధకులు 2017లో చూపించారు. కుటుంబంలో చిన్న వయసు గడ్డల చరిత్ర ఉంటే లెక్క వేరు. ఇక్కడ లేదు.

చేసి ఉండాల్సింది మాయ పరీక్ష. గడ్డలు, వాపు అక్కడే కనపడేవి. ఫిట్స్ 30 గంటలకు మొదలయ్యేసరికి అది లేదు. ఉమ్మనీరు పోయి చాలాసేపైన కాన్పుల్లో మాయను మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే చాలు, ఖర్చు లేని పని.

తొలిసారి తప్పిన చోటు

ఇంటర్నల్ క్యాప్సూల్ వెనక భాగం, కింద నరాల దారి రెండూ దెబ్బతింటే ఎదుటి పక్క బలహీనత వచ్చే అవకాశం ఎక్కువ. ఆ సంగతి ఎమ్మారై చూసిన రోజే మాకు తెలుసు. తల్లిదండ్రులకు చెప్పిన మాట మాత్రం ఇది: ‘చూద్దాం, పసిపిల్లల మెదడు సర్దుకుంటుంది.’ అబద్ధం కాదు. వాళ్లు విన్నది మాత్రం ‘అంతా సర్దుకుంటుంది’ అని.

ఇప్పుడైతే ఇలా చెబుతాం: “అమ్మా, మెదడుకు రక్తం తీసుకెళ్లే ఒక నాళంలో గడ్డ అడ్డుపడింది. ఆ నాళం మీద ఆధారపడ్డ చోటు దెబ్బతింది. ఇక అది పెరగదు. కుడిచెయ్యి, కుడికాలు బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ. నడుస్తుందనే అనుకుంటున్నాం. మూడో నెల నుంచి చేతికి పని మొదలుపెట్టాలి.” తర్వాత, అడిగినా అడగకపోయినా తల్లికి ఒక మాట. ఇంట్లో అప్పటికే గ్రహణం రోజు బయటికొచ్చిందని ఒకరు, నొప్పులు ఓర్చుకోలేదని ఇంకొకరు అని ఉంటారు. ఈ తల్లి ఆ రెండూ మోస్తోంది. ‘మీరు చేసిన పని వల్ల, చేయని పని వల్ల రాలేదు’ అన్న వాక్యాన్ని భర్త, అత్తగారు ఉన్నప్పుడే చెప్పాలి. ఒంటరిగా ఉన్నప్పుడు చెబితే ఆ మాట గది దాటదు.

72 గంటలు ఫిట్స్ లేకపోవడంతో తొమ్మిదో రోజు ఫినోబార్బిటోన్ ఆపి, పదో రోజు పంపించాం. అంతర్జాతీయ మూర్ఛ సంఘం 2023 మార్గదర్శకాలూ అదే చెబుతాయి: నవజాత దశలో వచ్చే తక్షణ ఫిట్స్ ఆగాక, ఎమ్మారైలో ఏమున్నా సరే, ఇంటికి వెళ్లేలోపు మందు ఆపవచ్చు. అమెరికాలో తొమ్మిది కేంద్రాల పిల్లల్ని చూసిన 2021 అధ్యయనంలో, ఆపినవాళ్లకూ కొనసాగించినవాళ్లకూ రెండేళ్ల వయసులో తేడా లేదు. అయితే డిశ్చార్జి సమ్మరీలో ‘మందు ఆపాం’ అని ఉంది, ఎందుకో లేదు. ఊళ్లో డాక్టరుగారు ఫిట్స్ వచ్చిన పిల్లకు మందు లేదేమిటని సిరప్ మొదలుపెట్టారు. నాలుగు నెలలు మత్తులో గడిచాయి. తప్పు ఆయనది కాదు, ఒక వాక్యం రాయని మాది.

రెండో పొరపాటు ఇంకా మామూలుది. ఫైల్లో రాసింది అత్తవారింటి అడ్రసు, తండ్రి ఫోన్ నంబరు. తొలి కాన్పు బాలింత ఉండేది పుట్టింట్లో, ఇంకో జిల్లాలో. తండ్రి పని ఇంకో ఊళ్లో. మూడో నెల పిలుపు ఆయనకు వెళ్లింది, ‘బాగానే ఉందండీ’ అన్నారు. రాలేదు. అత్తవారి ఊరి ఆశా కార్యకర్తకు పాప కనపడలేదు, పుట్టింటి ఊరి ఆశా దగ్గర కాగితం లేదు.

అన్నప్రాసన వీడియో

ఐదో నెలలో అన్నప్రాసన చేశారు. పుస్తకం, పెన్ను, బంగారం, పువ్వు, కత్తి వరసగా పెట్టి, మేనమామ ఒళ్లో పాపను కూర్చోబెట్టారు. పెన్ను కుడిపక్కనే ఉంది. పాప ఒళ్లంతా తిప్పి ఎడమచేత్తో అందుకుంది. ‘ఎడమచేతివాటం’ అని నవ్వారు. ఆ వీడియోను పిన్ని బంధువుల గ్రూపులో పెడితే, చూసిన ఒక నర్సు ‘కుడిచెయ్యి పిడికిలి విప్పలేదేం?’ అని అడిగింది. అలా వచ్చారు.

ఏడాది నిండక ముందు చేతివాటం ఉండదు. ఆ వయసులో బిడ్డ ఒక చేతినే వాడుతోందంటే రెండో చేతిని చూడాలి. మా ప్రాంతంలో ఎడమచెయ్యి వాడకాన్ని పెద్దవాళ్లు వెంటనే పట్టేస్తారు, సరిచేయడానికే అయినా సరే. ఆ అలవాటును స్క్రీనింగ్‌కు వాడుకోవచ్చు. కుడి మెదడు స్ట్రోక్ పిల్లలు కుడిచేత్తోనే అందుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, వాళ్లు ఇంకా ఆలస్యంగా వస్తారు.

హామర్‌స్మిత్ శిశు నరాల పరీక్షలో 78కి 61. ఆ స్కోరు కన్నా ఎక్కువ చెప్పింది కుడి ఎడమల తేడాల సంఖ్య: తొమ్మిది. సిరప్ ఆపించాం. సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పటి మెదడు దెబ్బతో కదలికల్లో వచ్చే శాశ్వత లోపం) వచ్చే ప్రమాదం ఎక్కువ అని రాసి, రెండేళ్లు ఆగకుండా అదే వారం థెరపీ మొదలుపెట్టాం.

చేతికి పని

మొదటి మూడు వారాలు ఏమీ జరగలేదు. కారణం, జరిగింది మర్దన, చెయ్యి సాగదీయడమే. మెదడుకు కావాల్సింది బిడ్డ తనకు తానుగా చేసే కదలిక. తర్వాత మంచి చేతిని కట్టాలని విన్న అమ్మమ్మ ఎడమచేతిని పగలంతా గుడ్డతో కట్టేసింది. పాప ఏడ్చి ఏడ్చి ఆట మానేసింది. ఎడమచెయ్యి కూడా ఇంకా నేర్చుకుంటున్న చెయ్యే, ఆ వయసులో రోజంతా కట్టకూడదు.

పనిచేసింది బేబీ సీఐఎంటీ పద్ధతి: మంచి చేతిని కాసేపు ఆపి బలహీనమైన చేతితో ఆడించడం. రోజుకు 30 నిమిషాలు, వారానికి ఆరు రోజులు, ఆరు వారాలు. ఆరు వారాల విరామం. మళ్లీ ఆరు వారాలు. 30 నిమిషాలు ఒకేసారి సాగకపోవడంతో 15 చొప్పున రెండు విడతలు చేశాం, నిద్ర లేచి పాలు తాగిన అరగంటకు. ఎడమచేతికి పాత కాటన్ సాక్సు, ఆ సమయం వరకే. పాపను కుర్చీలో నిటారుగా ఆనించి, బొమ్మను కుడివైపు భుజం ఎత్తులో పట్టుకుని ఆగాలి. చేతిలో పెట్టకూడదు, చెయ్యి పట్టుకుని కదిలించకూడదు. 20 సెకన్లు ఆగడం తల్లికి అన్నిటికంటే కష్టమైంది. బొమ్మ ఎంపికలోనే సగం పని ఉంది. బజారులో దొరికే ప్లాస్టిక్ గిలక్కాయల పిడి లావుగా ఉంటుంది, పిడికిలి విప్పలేని చేతికి పట్టదు. చిన్న ప్లాస్టిక్ గాజుకు రెండు మువ్వలు గట్టిగా కుట్టి ఇచ్చాం, తగిలితే చాలు మోగుతుంది. మోగితే మళ్లీ చెయ్యి చాస్తుంది. ఏడాది దగ్గర పడ్డాక రెండు చేతులూ కావాల్సిన పనులకు మారాం: పెద్ద బంతి, డబ్బా మూత, చపాతీ పిండి ముద్ద.

ఏడో నెల

విరామంలో ఉండగా నిద్ర లేవగానే ఉలిక్కిపడటం మొదలైంది. గ్యాసు అనుకుని గ్రైప్ వాటర్ పట్టారు. తొమ్మిదో రోజు తల్లి ఫోన్ చేసి, ‘దండం పెట్టినట్టు చేతులు ముందుకొస్తున్నాయి, వరసగా పది పదిహేను సార్లు’ అంది. వీడియో పంపమన్నాం. మెడ వంగి, చేతులు చాచి, క్షణం బిగిసి వదలడం, ఐదారు సెకన్లకోసారి. ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్, పసితనంలో వచ్చే ఒక రకం మూర్ఛ. నిద్రలో, మెలకువలో తీసిన ఈఈజీలో ఆ మూర్ఛలో కనపడే చిందరవందర తరంగాలు, హిప్సరిథ్మియా.

తొలి రోజుల ఫిట్స్ తగ్గడం, నెలల తర్వాత వచ్చే మూర్ఛ రెండూ వేరు. ఫినోబార్బిటోన్ కొనసాగించినా దీన్ని ఆపేది కాదు. స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ కిలోకు 4 మిల్లీగ్రాములు, ఏడు కిలోల పాపకు రోజుకు 28 మిల్లీగ్రాములు రెండు వారాలు, తర్వాత రెండు వారాల్లో తగ్గిస్తూ ఆపడం. మొదలుపెట్టే ముందు ఇంట్లో టీబీ ఉందా అడిగాం, ఛాతీ ఎక్స్‌రే తీశాం. ఇచ్చినన్నాళ్లూ బీపీ, షుగరు చూశాం. ఆరో రోజుకు స్పాజమ్స్ ఆగాయి, రెండు వారాల ఈఈజీలో హిప్సరిథ్మియా పోయింది. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా బతికున్న వైరస్‌తో చేసింది కాబట్టి స్టెరాయిడ్ ఆపిన నాలుగు వారాల దాకా వాయిదా వేసి, పదో నెలలో వేయించాం. ఆ తేదీని టీకా కార్డు మీద రాయకపోతే వాయిదా పడిన టీకా శాశ్వతంగా పోతుంది.

ఆ తొమ్మిది రోజులు పోవాల్సినవి కావు. ఇప్పుడు స్ట్రోక్ పిల్లల డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఒక వాక్యం ఉంటుంది: ‘మూడో నెల నుంచి ఏడాది దాకా, వరసగా దండం పెట్టినట్టు ఉలిక్కిపడితే వీడియో తీసి అదే రోజు పంపండి.’

లెక్కలోకి ఎవరొస్తారు

ఆల్బర్టాలో 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం, నెలలు నిండి పుట్టినవాళ్లలో అన్ని రకాల పుట్టుక దశ స్ట్రోక్‌లూ కలిపి సుమారు 1,100 మందిలో ఒకరికి, ఈ పాపకు వచ్చినట్టు తొలి రోజుల్లోనే బయటపడే ధమని స్ట్రోక్ సుమారు 3,000 మందిలో ఒకరికి. పాత లెక్కలు ఇంతకన్నా తక్కువ చూపేవి. జబ్బు పెరగలేదు, ఎమ్మారై పెరిగింది.

ఏడాదికి 3,000 కాన్పులయ్యే ఆసుపత్రి రిజిస్టర్‌లో ఈ లెక్కన ఏటా ఒక ధమని స్ట్రోక్ కనపడాలి. ఐదేళ్లుగా సున్నా ఉంటే, ఆ పిల్లలు ఆస్ఫిక్సియా వరుసలో, ‘కారణం తెలియని ఫిట్స్’ వరుసలో ఉన్నారని అర్థం. ఫిట్స్ రానే రాకుండా, ఆరో నెలలో పిడికిలి విప్పని చెయ్యితో తొలిసారి కనపడే పిల్లలూ ఉన్నారు. వాళ్లను కనుక్కున్న ఏడాదిలో కాక, పుట్టిన ఏడాదిలో చేర్చాలి.

తర్వాతి ఫలితాల లెక్కలోనూ ఇలాంటి చిల్లే ఉంది. నవజాత ధమని స్ట్రోక్ తర్వాత సుమారు మూడోవంతు పిల్లలకు సెరిబ్రల్ పాల్సీ వస్తుందని చెబుతాం. న్యూరాలజీ క్లినిక్‌కు వచ్చినవాళ్లనే లెక్కపెడితే అది ఎక్కువ కనపడుతుంది, ఎందుకంటే బాగున్నవాళ్లు రారు. డిశ్చార్జి నాటి స్థితినే ఫలితంగా రాస్తే దాదాపు అందరూ బాగున్నట్టే కనపడుతుంది. ఈ పాప మూడో నెల తర్వాత రాకపోయుంటే మా రిజిస్టర్‌లో ‘డిశ్చార్జి నాటికి నార్మల్’ అనే ఉండేది, ఫోన్లో తండ్రి కూడా అదే చెప్పారు. ఇప్పుడు రిజిస్టర్‌లో మూడు గడులు కలిపాం: పుట్టింటి అడ్రసు, అమ్మమ్మ ఫోన్ నంబరు, అక్కడి ఆశా పేరు. ఫోన్లో ‘బాగుందా?’ అని అడగడం మానేశాం. ‘కుడిచేత్తో బొమ్మ అందుకుంటుందా? రెండు పిడికిళ్లూ విప్పుతుందా?’ అని అడుగుతున్నాం.

ఐదేళ్లకు

17వ నెలలో నడిచింది. అరిసెలు పంచారు. కుడి మడమ లేపి, మునివేళ్ల మీద నడక. 20వ నెలలో చీలమండ స్ప్లింట్ ఇచ్చాం, ఎదిగే కొద్దీ ఆరు నుంచి తొమ్మిది నెలలకోసారి మార్చాల్సి వస్తోంది. చెప్పు సైజు రెండు కాళ్లకూ ఒకటి కాదు, స్ప్లింట్ ఉన్న కాలికి ఒక సైజు పెద్దది కొనాలి. రెండేళ్లకు మాటలు కొంచెం వెనకబడ్డాయి, మూడేళ్లకు అందుకుంది. ఎడమ మెదడు దెబ్బతిన్న పిల్లల్లో భాష పని తరచూ కుడి మెదడు తీసుకుంటుంది, ఈ పాపలోనూ అదే జరిగినట్టుంది. కుడిపక్క చూపు కొంత తక్కువ, అన్నం తినేటప్పుడు పళ్లెంలో కుడివైపు ముద్ద మిగిలిపోతుంటే వాళ్లమ్మ గమనించింది. బడిలో ఎడమకు కాకుండా కుడి గోడ వైపు కూర్చోబెట్టమని, అంటే బోర్డు, పిల్లలు తన ఎడమకు వచ్చేలా చూడమని టీచరుకు చీటీ రాసిచ్చాం. స్పాజమ్స్ మళ్లీ రాలేదు.

ఐదేళ్ల నాటి ఐక్యూ వయసుకు తగ్గట్టే ఉంది. దాన్ని ఆఖరి అంకెగా రాయలేదు. చిన్న వయసులో స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో వెనకబాటు బడి వయసులో, లెక్కలు, చదివి అర్థం చేసుకోవడం, ఒకేసారి రెండు పనులు మనసులో పెట్టుకోవడం అవసరమయ్యేటప్పుడు బయటపడొచ్చు. తర్వాతి పరీక్ష మూడో తరగతికి వెళ్లే ముందు. పాప ఎడమచేత్తో రాస్తుంది, నోటుపుస్తకం జారకుండా కుడి పిడికిలితో ఆపుతుంది. ఫైలు మొదటి పేజీలో ‘ఆస్ఫిక్సియా’ను ఎర్రపెన్నుతో కొట్టేసి పక్కన ‘ఎడమ ధమని స్ట్రోక్’ అని దిద్దిన చీటీ ఇంకా అలాగే ఉంది.